అటకమీద దొరికిన ఎస్‌డీకే-85 వెలగడం లేదు, ఉంచాలా, అమ్మేయాలా?

అటక_సరుకు
మొన్న ఆదివారం విశాఖ సీతమ్మధారలో మా ఇంటి అటక దులుపుతుంటే బిస్కెట్ల రేకు డబ్బాలో ఒక సర్క్యూట్ బోర్డు దొరికింది. నాన్నగారిది. దాని మీద ఇంటెల్ అని, ఎస్‌డీకే-85 అని అచ్చయి ఉంది. ఆరు అంకెల ఎర్ర డిస్‌ప్లే, 24 మీటలు, నాలుగు పెద్ద ఐసీలు (చిప్పులు), కొన్ని చిన్నవి, మిగతా బోర్డంతా జల్లెడలా ఖాళీ రంధ్రాలు. పాత ఫోను చార్జరు తీగ కోసి 5 వోల్టులు ఇచ్చాను. ఏమీ వెలగలేదు. రీసెట్ మీట నొక్కి వదిలినప్పుడు మాత్రం ఒక అంకెలో రెండు గీతలు మిణుకుమని ఆరిపోతున్నాయి.

నాన్నగారిని అడిగితే "అది ఇంకా ఉందా?" అని మళ్లీ పేపర్లో తలపెట్టారు. పాత సామాన్లు కొనే అతను 150 రూపాయలు ఇస్తానన్నాడు. నేను చదివింది కామర్స్. ఇంట్లో మల్టీమీటరు ఉంది, సోల్డరింగ్ ఐరన్ పట్టుకోవడం వచ్చు, అంతే. ఇది బాగుపడే వస్తువేనా? లేక 150 పుచ్చుకుని బజ్జీలు తినమంటారా?

ఉప్పుగాలి
బీచ్ రోడ్డులో ఇంటిల్లిపాదికీ బజ్జీలకు 150 చాలదు. ఉంచండి.

హెక్సా_మాస్టారు
150కి కాదు, 1500కి కూడా ఇవ్వకండి. 8085 అనే తమ ప్రాసెసరును ఇంజనీర్లకు అలవాటు చేయడానికి 1977లో ఇంటెల్ తెచ్చిన కిట్ అది. కట్టిన బోర్డుగా కాదు, విడిభాగాలుగా వచ్చేది. కొన్నవాళ్లే కూర్చుని ఒక్కొక్క కాలూ సోల్డర్ చేసుకోవాలి. అందుకని ఏ రెండు బోర్డుల వీపూ ఒకలా ఉండదు. మీ నాన్నగారే చేసి ఉంటే ఒకసారి తిప్పి చూడండి, మనిషి ఓపిక ఎంతో అక్కడ తెలిసిపోతుంది.

పెద్ద ఐసీల సంగతి చెబుతాను. 8085 ప్రాసెసర్. 8155లో 256 బైట్ల ర్యామ్, 22 ఇన్‌పుట్ అవుట్‌పుట్ తీగలు, ఒక టైమరు. 8355 గానీ 8755 గానీ ఉంటుంది, అందులో 2 కిలోబైట్ల మానిటర్ ప్రోగ్రాము. మీరు ఏ మీట నొక్కినా దానికి బదులు చెప్పేది ఆ మానిటరే. నాలుగోది 8279, మీటలనూ డిస్‌ప్లేనూ కనిపెట్టుకుని ఉండేది. ఇంతే కంప్యూటరు. స్క్రీను లేదు, డిస్కు లేదు. ర్యామ్ 256 బైట్లు అన్నానా, అందులోనూ చివరి భాగం మానిటరు తన అవసరాలకు ఉంచుకుంటుంది. మనకు దక్కేది 200కు కాస్త తక్కువ.

మన పాలిటెక్నిక్, ఇంజనీరింగ్ ల్యాబుల్లో తరాల తరబడి పిల్లలు నొక్కిన 8085 ట్రైనర్ కిట్లలో చాలావాటికి ఇదే తాత. రీసెట్ నొక్కితే డిస్‌ప్లే మీద ముందు ఒక చిన్న గీత, తరువాత 80 85 అని రావాలి. అది వచ్చిందంటే మీ పని ముప్పాతిక అయిపోయినట్టే.

మూడో_సెమిస్టర్
అంకుల్, నిజంగా అడుగుతున్నాను. ఫోనులోనే 8085 సిమ్యులేటర్లు ఉచితంగా దొరుకుతున్నాయి. 256 బైట్ల కోసం ఇంత శ్రమ ఎందుకు? చిన్న ఆర్డునో ఊనో ఆర్3 బోర్డులోనే 2 కిలోబైట్ల ర్యామ్, 16 మెగాహెర్ట్జ్ వేగం ఉంటాయి. మాకు ల్యాబులో ఇంకా ఇదే చెబుతున్నారు. వైవాలో ఆప్‌కోడులు, అంటే ఒక్కో ఆదేశానికి ఉండే అంకెలు, కంఠస్థం అడుగుతారు. ఏ ఉద్యోగంలో అడుగుతారు ఇవి?

ఉప్పుగాలి
ఎక్కాలు కూడా ఏ ఉద్యోగంలోనూ అడగరు బాబూ.

మర్రిపాలెం_మీటరు
ఈ తగువు తరువాత పెట్టుకుందాం, ముందు బోర్డు చూడండి. అటక_సరుకు గారూ, ఫోను చార్జరు తీగ వెంట్రుకంత సన్నగా ఉంటుంది. ఈ బోర్డు ఒకటింపావు ఆంపియరుకు పైనే తాగుతుంది. చార్జరు దగ్గర 5 ఉన్నా బోర్డు చేరేసరికి దారిలోనే కరిగిపోతుంది. మీటరు ముల్లు చార్జరు దగ్గర కాదు, 8085 కాళ్ల మీదే పెట్టండి. 40వ కాలు ప్లస్, 20వ కాలు గ్రౌండు. బోర్డు నడుస్తుండగా కొలవండి. 4.75 కంటే తగ్గితే దాన్ని తప్పుపట్టకండి, అది ఆకలితో ఉంది.

అటక_సరుకు
4.41. ఇంత తేడానా!

మర్రిపాలెం_మీటరు
నేను చెప్పలేదా. మందపాటి తీగ, మూడు ఆంపియర్ల 5 వోల్టుల అడాప్టరు పట్టండి. జగదాంబ చుట్టుపక్కల విడిభాగాల దుకాణాల్లో దొరుకుతుంది. తీగలు కొరికే ముందు ప్లస్సూ మైనస్సూ మూడుసార్లు చూసుకోండి. తిరగేసి ఇచ్చారంటే అది మళ్లీ అటకకే.

పాత_సోల్డరు
దీనికి 5 వోల్టులు ఒక్కటే సరిపోవడం మన అదృష్టం. 8085 పేరులో చివరి 5 అందుకే. దీని ముందున్న 8080కి ప్లస్ 5, మైనస్ 5, ప్లస్ 12, మూడూ కావాలి. టెలిటైపు, అంటే టైపు మిషను లాంటి పాత టెర్మినల్, తగిలించుకునేవాళ్లకు మాత్రం ఈ బోర్డుకూ మైనస్ 10 వోల్టులు కావాలి. మీకు ఆ అవసరం లేదు కదా?

ఉప్పుగాలి
ఆయన ఇంట్లో టెలిటైపు ఉంటే అటక ఎప్పుడో కూలి ఉండేది.

అటక_సరుకు
కొత్త అడాప్టరు తెచ్చాను. ఇప్పుడు 4.98. ఆరు అంకెలూ వెలుగుతున్నాయి, కానీ అన్నీ పిచ్చి గీతలు. రీసెట్ నొక్కినప్పుడల్లా వేరే గీతలు. గీత 80 85 రావడం లేదు.

ఇంకో విశేషం. ఒక పెద్ద ఐసీ మీద వెండి రంగు స్టిక్కరు సగం ఊడి వేలాడుతుంటే పూర్తిగా తీసేశాను. కింద గుండ్రటి గాజు కిటికీ, లోపల చిటికెన వేలి గోరులో సగం కూడా లేని బంగారు రంగు ముక్క, దాని చుట్టూ సాలెగూడు దారాల్లాంటి తీగలు! డాబా మీద ఎండలో పెట్టి పది ఫొటోలు తీశాను. కింద పెడుతున్నాను, చూడండి ఎంత బాగుందో.

హెక్సా_మాస్టారు
అయ్యో! ముందు దాని మీద ఏదో ఒకటి అంటించండి!

పాత_సోల్డరు
ఫొటోలు తరువాత చూస్తాం. నల్ల టేపు. ఇప్పుడే.

మర్రిపాలెం_మీటరు
మీకు తెలియక చేశారు, అయినా గుండె ఆగినంత పనయింది.

అటక_సరుకు
అంటించాను, అంటించాను. ఏమయింది? చంపేశానా?

హెక్సా_మాస్టారు
చంపలేదు. అది 8755, అతినీలలోహిత కాంతితో చెరిపి మళ్లీ రాసుకునే రకం. ఆ కిటికీ ఉన్నది చెరపడానికే. స్టిక్కరు ఉన్నది చెరిగిపోకుండా ఉండటానికి. ఎదురెండలో వారం రోజులు పెడితే చెరిగిపోవచ్చు, ట్యూబులైటు వెలుగులోనైతే మూడేళ్లు పట్టవచ్చు అని ఇంటెల్ వాళ్లే తమ పత్రాల్లో రాశారు. పది ఫొటోలకు ఏమీ కాదు. ఇన్నేళ్లు స్టిక్కరు సరిగ్గా ఉందా లేదా అన్నదే నా బెంగ. అటక చీకటిగా ఉండటం మంచిదయింది.

అటక_సరుకు
మా అటకలో బల్బు కూడా లేదు. మొదటిసారి అది ఉపయోగపడింది.

ఎండాడ_రేడియో
మీ దగ్గర ఆసిలోస్కోపు (సిగ్నళ్లను తెర మీద చూపే పరికరం) లేదు కనుక ఒక చిట్కా. ఇంట్లో పాత మీడియం వేవ్ రేడియో ఉందా? స్టేషన్ లేని చోట ముల్లు పెట్టి, రేడియోను బోర్డుకు జానెడు దూరంలో ఉంచండి. బోర్డు నడుస్తుంటే గరగర వినిపిస్తుంది. రీసెట్ నొక్కి పట్టుకుంటే ఆ మోత మారాలి, వదిలితే ఇంకోలా మారాలి. మారిందంటే ప్రాసెసరుకు గడియారంలాంటి క్రిస్టల్ కొట్టుకుంటోంది, ప్రాసెసర్ ఏదో ఒకటి చేస్తోంది అని అర్థం. చేసేది సరైనదా కాదా అన్నది రేడియో చెప్పదు.

మూడో_సెమిస్టర్
రేడియోతో కంప్యూటర్ రిపేరా? ఇది మాత్రం సిలబస్‌లో లేదు.

అటక_సరుకు
అమ్మ భక్తిగీతాలు వినే రేడియో అడిగి తెచ్చాను. మారుతోంది! నొక్కి పట్టుకుంటే సన్నటి కూత, వదిలితే తుమ్మెద మోత. పక్కగదిలోంచి నాన్నగారు "ఆ రేడియో కట్టేయ్" అన్నారు. అంటే వింటున్నారన్నమాట.

పాత_సోల్డరు
అయితే క్రిస్టల్ బాగుంది, 8085 బతికే ఉంది. మానిటరును సరిగ్గా చదవలేకపోతోంది, అంతే. ఇక సాకెట్లు చూడాలి. సముద్రపు గాలి మన ఊళ్లో తలుపు గొళ్లాలనే తినేస్తుంది, ఐసీ కాళ్లెంత. నేను ముప్పయ్యేళ్లు ఒక వర్క్‌షాపులో ఇవే బాగుచేశాను. వైజాగ్‌లో వచ్చిన పదిలో ఏడు బోర్డులకు రోగం సాకెట్టే. కరెంటు ఆపి, 8755ను రెండు వైపుల నుంచీ కొద్దికొద్దిగా లేపుతూ బయటకు తీయండి. కాళ్లు నల్లగా గానీ పచ్చగా గానీ ఉంటే సన్న ఎమెరీ కాగితంతో రుద్ది మళ్లీ పెట్టండి.

మర్రిపాలెం_మీటరు
ఎమెరీ వద్దు! పూత లేచిపోయి ఆరు నెలల్లో మళ్లీ మొదటికి వస్తుంది. పెన్సిలు రబ్బరు, ఆ తరువాత ఐసోప్రొపైల్ ఆల్కహాల్.

పాత_సోల్డరు
ముప్పయ్యేళ్లు ఎమెరీతోనే రుద్దాను, ఎవరూ తిరిగి రాలేదు.

మర్రిపాలెం_మీటరు
తిరిగి రాకపోవడానికి వేరే కారణాలు కూడా ఉంటాయి గురువుగారూ.

ఉప్పుగాలి
2014 అక్టోబరు 12న హుద్‌హుద్ మా కిటికీ ఎత్తుకుపోయినప్పుడు నా ట్రైనర్ కిట్ రాత్రంతా వానలో ఉంది. మంచినీళ్లతో కడిగి, ఆల్కహాల్ పోసి, వారం ఆరబెట్టాను. ఇప్పటికీ నడుస్తోంది. దాని పక్కనే ఉన్న నా డిగ్రీ సర్టిఫికెట్ మాత్రం పోయింది. ఏది ముఖ్యమో తుఫానుకే తెలిసినట్టుంది.

అటక_సరుకు
రబ్బరు మాటే విన్నాను (పాత_సోల్డరు గారు మన్నించాలి). 8755 కాళ్లు నల్లగా ఉన్నాయి, తెల్లబడేదాకా తుడిచాను. 8155 మాత్రం మరీ అన్యాయం, ఒక మూల నాలుగు కాళ్లకు పచ్చటి పొడి. లేపుతుంటే వాటిలో ఒకటి సాకెట్టులోనే ఉండిపోయింది. విరిగింది. చెయ్యి వణికింది, అబద్ధమెందుకు. ఐసీ పక్కన గుండుసూది తలంత మొండి మిగిలింది.

పాత_సోల్డరు
భయపడకండి, ఇది నా పేట. ఏదైనా పాత రెసిస్టరు కాలు కత్తిరించండి. మొండి మీద చుక్కంత ఫ్లక్సు, ఐరన్ రెండు సెకన్లు, అంతకు మించి వద్దు. తీగను కాలికి సమానంగా నిలబెట్టి అంటించండి. సాకెట్టులో ఇరుక్కున్న ముక్కను సూదితో తీసేయండి. ఈ ఒక్కచోట మాత్రం ఎమెరీ కావాలి, మొండి మెరవకపోతే సోల్డరు పట్టదు. మీటరుగారు ఒప్పుకుంటారా?

మర్రిపాలెం_మీటరు
ఒప్పుకున్నాను. ఒక్క కాలికి.

మూడో_సెమిస్టర్
మీరు కాలు అతికించేలోగా మళ్లీ నా ప్రశ్న. ఎవరూ జవాబు చెప్పలేదు.

హెక్సా_మాస్టారు
చెబుతాను. ఆప్‌కోడులు కంఠస్థం చేయించడం నాకూ నచ్చదు, వైవాలో నేను ఎప్పుడూ అడగలేదు. కానీ ఈ యంత్రం ఒక మనిషి బుర్రలో మొత్తంగా పడుతుంది. ఏ తీగ మీద ఏ క్షణంలో ఏముందో కాగితం మీద వేసి చూపించవచ్చు. మీ ఊనోలో కూడా అంత చూడవచ్చు, కానీ చూడాల్సిన అవసరం రానివ్వరు. ఇక్కడ ఆ అవసరం రాక మానదు. సింగిల్ స్టెప్ మీట సంగతే చూడు. ఒక్క ఆదేశం నడిచి ఆగాలంటే ఏదో మాయ ఉందనుకుంటాం. 8155లోని టైమరుకు చిన్న లెక్క పెట్టి వదులుతారు, మన ఆదేశం ఒకటి మొదలయ్యేసరికి అది ప్రాసెసరును మధ్యలో ఆపే ట్రాప్ కాలిని తన్నుతుంది, పగ్గాలు మళ్లీ మానిటరుకు. ఇంకేమీ లేదు. ఇది తెలిసిన రోజు నేను అన్నం తినలేదు.

ఉద్యోగం అంటావా, 1997లో అంగారకుడి మీద తిరిగిన సోజర్నర్ బండిలో ఉన్నది 80సీ85, దీని తమ్ముడే.

కంచరపాలెం_కాలేజీ
సోజర్నర్ సరే, మా కష్టాలు వేరు. పరీక్షలో మెషీన్ కోడు మొత్తం ఎక్కించాక చివర హాల్ట్ (ఆగిపోయే ఆదేశం) పెట్టి గో నొక్కేవాళ్లం, డిస్‌ప్లే ఆరిపోయేది. ఎక్స్‌టర్నల్ ఎగ్జామినర్ వచ్చి "ఏదీ జవాబు?" అనేవారు. ప్రాసెసర్ ఆగితే డిస్‌ప్లే ఆరిపోతుంది, అదే దీని లోపం.

హెక్సా_మాస్టారు
మీ కిట్‌లో అలా జరిగి ఉంటుంది, దీనిలో జరగదు. ప్రాసెసరే ఒక్కొక్క అంకెనూ వెలిగిస్తూ పోయే కిట్లలో హాల్ట్ పడితే చీకటే. 1976 నాటి కిమ్-1 అనే బోర్డు ఆ రకమే. ఎస్‌డీకే-85లో ఆ పని 8279ది. ప్రాసెసర్ నిద్రపోయినా అది చివరగా ఇచ్చిన అంకెలను చూపిస్తూనే ఉంటుంది. చివర హాల్ట్ బదులు సిఎఫ్, అంటే ఆర్‌ఎస్‌టీ 1 ఆదేశం పెడితే రిజిస్టర్లన్నీ (ప్రాసెసర్ లోపలి చిన్న గదులు) భద్రపరచి మానిటరుకు తిరిగి వస్తుంది కూడా.

కంచరపాలెం_కాలేజీ
ఈ మాట అప్పుడే ఎవరైనా చెప్పి ఉంటే నాకు పదకొండు మార్కులు కలిసేవి.

అటక_సరుకు
రాత్రి పదింటికి కాలు అతికింది. వంకరగా ఉంది కానీ సాకెట్టులో కూర్చుంది. స్విచ్చి వేశాను, రీసెట్ నొక్కాను.

గీత. 80. 85.

ఇంట్లో అందరినీ లేపాను. అమ్మ చూసి "ఇంతేనా?" అంది. నాన్నగారు లేచి వచ్చి, నిలబడే, సబ్‌స్టిట్యూట్ మెమరీ అన్న మీట, 2000, నెక్స్ట్ నొక్కి, కుడి అంకెలు చూసి, ఏమీ అనకుండా వెళ్లి పడుకున్నారు. ఏ మీట ఎక్కడుందో వెతుక్కోలేదు.

పాత_సోల్డరు
శభాష్. ఆ వంకర కాలు అలాగే ఉంచండి.

ఎండాడ_రేడియో
రేడియో అమ్మగారికి తిరిగి ఇచ్చారా?

అటక_సరుకు
ఇచ్చాను. ఇప్పుడు రెండో సంగతి. అదే డబ్బాలో నోటుపుస్తకం కాగితం ఒకటి నాలుగు మడతలు పెట్టి ఉంది. నాన్నగారి దస్తూరి. ఎడమ పక్క చిరునామాలు, కుడి పక్క అంకెలు. వివరణ ఒక్క ముక్క లేదు. నీలం సిరాతో రాసి ఉంది, కింద ఒక చోట ఎర్ర పెన్నుతో దిద్దారు. ఉన్నది ఉన్నట్టు దించుతున్నాను:

2000: 31 సి2 20
2003: ఎఎఫ్
2004: ఎఫ్5
2005: సిడి 6ఇ 03
2008: 11 00 ఎఫ్ఎ
200బి: సిడి ఎఫ్1 05
200ఇ: ఎఫ్1
200ఎఫ్: 3సి (ఎర్రగా కొట్టేసి, పక్కన సి6 01)
2010 కొట్టేసి 2011: 27
2011 కొట్టేసి 2012: సి3 04 20

ఇదేం చేస్తుంది? నాన్నగారిని అడిగితే "నువ్వే కనుక్కో, నీకు అంతమంది మాస్టార్లున్నారుగా" అన్నారు.

హెక్సా_మాస్టారు
ఆహా! కాఫీ పెట్టుకుని కూర్చున్నాను. వరుసగా చదువుదాం. ఇవన్నీ హెక్సా అంకెలు, 9 తరువాత ఎ నుంచి ఎఫ్ దాకా వస్తాయి.

31 సి2 20: స్టాక్, అంటే తాత్కాలికంగా దాచుకునే చోటు, 20సి2 దగ్గర మొదలు. చూశారా, చిరునామాలో వెనక ముక్క ముందు రాస్తారు. ల్యాబులో సగం ప్రోగ్రాములు చచ్చేది ఇక్కడే. ఎఎఫ్: ఎ రిజిస్టరును సున్నా చేయడం. ఎఫ్5: దాన్ని, దానితోపాటు జెండాలను (లెక్క ఎలా తేలిందో గుర్తుపెట్టుకునే బిట్లు) స్టాక్‌లో దాచడం. సిడి 6ఇ 03: మానిటరులో 036ఇ దగ్గరున్న పనిని పిలవడం. అది ఎ రిజిస్టరులో ఉన్నదాన్ని కుడివైపు రెండు అంకెల మీద చూపిస్తుంది, పోతూ పోతూ రిజిస్టర్లన్నీ చెరిపేస్తుంది. ముందే దాచింది అందుకే.

తరువాత డీ, ఈ అనే రిజిస్టర్ల జంటలో ఎఫ్ఎ00 వేసి, 05ఎఫ్1 దగ్గరున్న డిలేను, అంటే కాసేపు ఆపి ఉంచే పనిని, పిలిచారు. ఎఫ్1తో దాచినదాన్ని తిరిగి తీశారు, ఒకటి కలిపారు, 27 అంటే డీఏఏ, హెక్సాను దశాంశానికి సరిచేయడం. మళ్లీ 2004కు గెంతడం. ఇది 00 నుంచి 99 దాకా లెక్కపెట్టే కౌంటరు. మొత్తం 21 బైట్లు.

ఎండాడ_రేడియో
ఆ ఎఫ్ఎ00 చూశారా ఎవరైనా? అది ఉత్తినే పెట్టిన అంకె కాదు. ఎఫ్ఎ00 అంటే 64,000. డిలేలో ఒక చుట్టుకు నాలుగు ఆదేశాలు, 24 క్లాకులు: డీసీఎక్స్‌కు 6, మూవ్‌కు 4, ఆర్‌కు 4, వెనక్కి గెంతడానికి 10. 64,000ను 24తో గుణిస్తే 15,36,000. క్రిస్టల్ 6.144 మెగాహెర్ట్జ్, 8085 దాన్ని సగం చేసుకుంటుంది, సెకనుకు 30,72,000 క్లాకులు. సరిగ్గా సగం! అర సెకను. చేత్తో లెక్కకట్టి పెట్టిన అంకె ఇది.

కంచరపాలెం_కాలేజీ
లెక్క బాగుంది. కానీ అర సెకను ఎందుకు? సెకనే పెట్టుకోవచ్చుగా.

ఎండాడ_రేడియో
సెకనుకు 1,28,000 కావాలి. పదహారు బిట్లలో 65,535 దాటదు. డిలేను రెండుసార్లు పిలవాలి. ఆయన ఒక్కసారే పిలిచారు. ఎందుకో మరి.

పాత_సోల్డరు
నాకు ఎర్ర పెన్ను నచ్చలేదు. 3సి అంటే ఐఎన్ఆర్ ఎ, ఒక్క బైటులో పని అయిపోతుంది. దాన్ని కొట్టేసి సి6 01 పెట్టి, కింద చిరునామాలన్నీ మళ్లీ దిద్దుకున్నారు. ఒకటి కలపడానికి రెండు బైట్లా? 200 కూడా లేని చోట ఒక బైటు దండగ.

హెక్సా_మాస్టారు
నేనూ అదే అనుకుంటున్నాను. ఐఎన్ఆర్ వేసి డీఏఏ వేస్తే చక్కగా పనిచేస్తుంది. 09 తరువాత 0ఎ, డీఏఏ దాన్ని 10 చేస్తుంది. నేను పిల్లలకు అలాగే చెప్పాను, ఏళ్ల తరబడి.

మూడో_సెమిస్టర్
మాస్టారూ, కోప్పడకండి. పనిచేయదు.

ఫోనులోని సిమ్యులేటర్లో రెండూ ఎక్కించి చూశాను. మానిటరు అందులో లేదు, అందుకని రెండు కాల్స్ (సిడి ఆదేశాలు) తీసేసి, ప్రతి చుట్టులో ఎ విలువను మెమరీలో వరుసగా రాయించాను. సి6 01తో 98, 99, 00, 01, 02 వచ్చింది. 3సితో 98, 99, 00, 61, సి2, 23, 84, ఇ5 వచ్చింది. రెండుసార్లు నడిపాను, అదే.

ఉప్పుగాలి
61 ఎక్కడినుంచి ఊడిపడింది?

మూడో_సెమిస్టర్
క్యారీ జెండా వల్ల. 99కి ఒకటి కలిపితే 9ఎ. డీఏఏ దాన్ని 00 చేసి, వంద దాటింది కనుక క్యారీని ఎత్తుతుంది. ఐఎన్ఆర్ అన్ని జెండాలనూ మారుస్తుంది, క్యారీని మాత్రం ముట్టుకోదు. కాబట్టి తరువాతి చుట్టులో 00 కాస్తా 01 అయ్యాక కూడా ఆ పాత క్యారీ ఎత్తే ఉంటుంది. డీఏఏ దాన్ని చూసి పై అంకెకు 6 కలుపుతుంది. 61. క్యారీ ఇక దిగదు, అక్కడి నుంచి అన్నీ చెడిపోతాయి. సి6 01 అసలైన కూడిక, క్యారీని ప్రతిసారీ కొత్తగా లెక్కిస్తుంది. స్టాక్‌లో ఎ తోపాటు జెండాలు కూడా దాచుకున్నారు కదా, పాత క్యారీ చెక్కుచెదరకుండా తిరిగి వచ్చింది. దాచుకున్నదే కొంప ముంచింది.

హెక్సా_మాస్టారు
కాగితం మీద వేసి చూశాను. నువ్వు చెప్పిందే నిజం. నేను తరగతిలో 09 నుంచి 10 దాకా మాత్రమే బోర్డు మీద వేసి చూపించేవాణ్ని. 99 దాకా ఎప్పుడూ వెళ్లలేదు. ఎన్ని బ్యాచ్‌లకు చెప్పానో తలచుకోవాలని లేదు.

కంచరపాలెం_కాలేజీ
నా పదకొండు మార్కులు ఎక్కడ పోయాయో ఇప్పుడు అనుమానంగా ఉంది.

ఉప్పుగాలి
సిమ్యులేటర్ దండగ అన్నవాళ్లు చేతులెత్తండి.

మర్రిపాలెం_మీటరు
ఎవరూ అనలేదు. కిట్ దండగ అన్నది అతనే.

మూడో_సెమిస్టర్
ఆ మాట కాస్త వెనక్కి తీసుకుంటున్నాను. కంఠస్థం దండగ అన్నది మాత్రం తీసుకోను.

అటక_సరుకు
ఈ చర్చంతా నాన్నగారికి చదివి వినిపించాను. 61 అన్న మాట దగ్గర పేపరు పక్కన పెట్టారు. ఆయన చెప్పింది ఇది. అప్పట్లో కండెమ్ చేసిన సామాన్ల వేలంలో ఈ కిట్ విడిభాగాలుగానే కొన్నారట. ఆ కౌంటరు ఆయన రాసిన రెండో ప్రోగ్రాము. మొదట సెకనుకు ఒక అంకె చొప్పున పెట్టుకున్నారు. 99 దాటాక పిచ్చెక్కేది. తప్పు మళ్లీ కనబడాలంటే ప్రతిసారీ 100 సెకన్లు కాచుకోవాలి. ఓపిక లేక ఒక డిలే తీసేశారు, 50 సెకన్లలో తేలిపోయేలా. అర సెకను కథ అది. రెండు రాత్రులు స్టాక్‌నే అనుమానించారట, మూడో రాత్రి జెండాల పట్టిక తీసి చూస్తే ఐఎన్ఆర్ ఎదురుగా క్యారీ గడి ఖాళీగా ఉంది. ఎర్ర పెన్ను అమ్మది, పాలవాడి లెక్కలు రాసుకునేది.

ఇందాక ఆయనే ఎక్కించారు, 21 బైట్లూ. నేను కాగితం చదివి చెప్పాను, ఆయన నొక్కారు. ఒక్కచోట "ఎఫ్1 05" అని చదవబోయి "05 ఎఫ్1" అన్నాను. చూడకుండానే "తిరగేశావు" అన్నారు. గో, 2000, ఎగ్జిక్యూట్. 00, 01, 02... 99, 00, 01. ఆయన 99 దాకా నిలబడి చూశారు, 01 చూసి కుర్చీలో కూర్చున్నారు.

పాత_సోల్డరు
వేలంలో కొని విడిభాగాలు సోల్డర్ చేశారన్నమాట. వెనక వైపు ఫొటో ఒకటి పెట్టండి, ఆ చేతిపని చూడాలి.

అటక_సరుకు
పెట్టాను. కిటికీకి నల్ల టేపు ఉంది, కంగారు పడకండి.

పాత_సోల్డరు
చూశాను. ఒక్క కాలు కూడా బొబ్బ కట్టలేదు. నా దగ్గర పనికి వచ్చి ఉంటే పెట్టుకునేవాణ్ని.

మూడో_సెమిస్టర్
ఒక కోరిక. 3సి పెట్టి ఒకసారి నడుపుతారా? అసలు బోర్డు మీద 61 చూడాలని ఉంది.

అటక_సరుకు
నడిపాను, వీడియో కింద ఉంది. 98, 99, 00, 61, సి2, 23. నాన్నగారు నవ్వలేదు. "అదే. ఇదే దొంగ. ఆపేయ్" అన్నారు.